వరద గోదారిలో రెండు ఇంజన్ల పనితనం

భద్రాచలం దగ్గర గోదావరికి మూడు అంకెలున్నాయి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. మూడో హెచ్చరిక దాటాక బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల, కూనవరం వైపు వెళ్లే దారులు ఎక్కడికక్కడ మునుగుతాయి. నిన్నటిదాకా బస్సు తిరిగిన చోట పడవ తిరుగుతుంది. ఆ పడవ వెనక అంచుకు బిగించి ఉండే యంత్రాన్ని విపత్తు దళాలవాళ్లు ఓబీఎం అంటారు. పూర్తి పేరు అవుట్‌బోర్డ్ మోటారు. కరకట్ట మీద నిలబడి వరద చూసేవాళ్లలో ఎవరి కళ్లయినా పడవలోని మనుషుల మీదే ఉంటాయి. ఉండాలి కూడా. అయితే ఆ మనుషుల్ని ఒడ్డుకు చేర్చే యంత్రంలో ఎంత ఆలోచన ఇమిడి ఉందో ఒకసారి మూత తీసి చూడటం కూడా అవసరమే.

మూత తీస్తే కనిపించేది రెండు రకాల ఇంజన్లలో ఏదో ఒకటి: టూ-స్ట్రోక్ గానీ, ఫోర్-స్ట్రోక్ గానీ. పడవకు అందించే బలం ఒకటే అయినా దాన్ని పుట్టించే తీరులో ఈ రెంటికీ పోలిక లేదు. ఒకటి అన్ని పనుల్నీ ఒకే పిస్టన్‌కు అప్పగించింది. రెండోది ప్రతి పనికీ వేరే భాగాన్ని, వేరే సమయాన్ని కేటాయించింది. ఆ ఎంపిక లోంచే వాటి గుణాలూ దోషాలూ అన్నీ పుట్టుకొచ్చాయి.

పడవ వెనక వేలాడే ఇంజన్ ఎందుకు

పాపికొండలు చూపించే లాంచీల్లో ఇంజన్ లాంచీ కడుపులోనే ఉంటుంది. డీజిల్ ఇంజన్, పొడవాటి ఇరుసు, దాని చివర పంకా, వేరుగా చుక్కాని. సరంగు వీటన్నిటినీ కలిపి నడుపుతాడు. లోతైన నీటికి ఆ ఏర్పాటు సరిపోతుంది. అవుట్‌బోర్డ్‌లో ఇంజన్, గేర్లు, పంకా, చుక్కాని అన్నీ కలిసి ఒకే నిలువు యంత్రం. రెండు మరలు విప్పితే పడవ నుంచి ఊడి వస్తుంది. లారీలో తెచ్చి, గాలి నింపిన రబ్బరు పడవకు అక్కడికక్కడే బిగించవచ్చు. దీన్ని వ్యాపార స్థాయిలో నిలబెట్టినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్. 1909లో మిల్వాకీ నగరంలో ఆయన అమ్మకానికి పెట్టిన మోటారు ఒకటే సిలిండర్ ఉన్న టూ-స్ట్రోక్. దాని బలం ఒకటిన్నర హార్స్‌పవర్. బరువు 28 కిలోల చుట్టూ.

మన నదికి ఈ ఏర్పాటు ఎందుకు కావాలో దుమ్ముగూడెం చెబుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, ఎగువ గోదావరిలోనూ సరుకు పడవలు నడవాలని ఆర్థర్ కాటన్ తలపెట్టాడు. మధ్య భారతపు పత్తిని నది మీదుగా సముద్రానికి దించాలన్నది ఆశ. అడ్డొచ్చినవి నది గర్భంలోని రాతి వరసలు. వాటిని దాటించడానికి దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. ఖర్చు మోయలేక 1871లో పథకాన్ని వదిలేశారు. రాయి గెలిచింది. అవుట్‌బోర్డ్ ఆ రాతితో పోట్లాడదు. నీటి లోతు తగ్గగానే మోటారును వెనక్కి వాల్చి పంకాను పైకి ఎత్తుకోవచ్చు. సగం వాలిన స్థితిలోనూ నెమ్మదిగా నడిపే కొక్కెం చాలా మోటార్లకు ఉంటుంది. వరదలో మునిగిన కాలనీల్లో ఇది ప్రాణాధారం. అక్కడ నీటి అడుగున ప్రహరీ గోడలు, కంచె తీగలు, పాకల వాసాలు ఉంటాయి.

రెంటికీ ఉమ్మడిదైన కాలు

ఇంజన్ ఏదైనా దాని కింద దిగే కాలు ఒకేలా ఉంటుంది. అసలు పనితనం అక్కడ మొదలవుతుంది. క్రాంక్ షాఫ్ట్ నిలువుగా నిలబడి తిరుగుతుంది. దాని కిందినుంచి సన్నటి ఇరుసు నీటిలోకి దిగుతుంది. అడుగున చేపపొట్ట ఆకారపు గుల్లలో వాలుపళ్ల గేర్లు ఆ నిలువు తిరుగుడును అడ్డ తిరుగుడుగా మారుస్తాయి, వేగాన్ని రమారమి సగానికి తగ్గిస్తాయి. ముందుకు ఒక గేరు, వెనక్కి ఒక గేరు ఎప్పుడూ ఎదురెదురుగా తిరుగుతూనే ఉంటాయి. మధ్యలో ఉన్న పళ్ల ముక్క ఎటు జరిగితే పంకా అటు తిరుగుతుంది. ఇంత యంత్రాంగం అరచేతి మందం గుల్లలో, గట్టి నూనెలో మునిగి, చుట్టూ నది ఉన్నా చుక్క నీరు లోపలికి రాకుండా పనిచేయాలి. ఇరుసు బయటికొచ్చే చోట ఉండే రబ్బరు సీళ్లే దానికి కాపలా.

పంకా మధ్యలో ఇరుసుకూ రేకలకూ నడుమ రబ్బరు దిమ్మ ఉంటుంది. చిన్న మోటార్లలో దాని బదులు మెత్తటి లోహపు పిన్ను ఉంటుంది. రేక రాతికి తగిలితే ఆ రబ్బరు జారుతుంది, లేదా పిన్ను తెగుతుంది. గేర్లు మాత్రం బతుకుతాయి. చవకైన భాగం ముందు ఓడిపోవాలని, ఖరీదైనది మిగలాలని ముందే నిర్ణయించి చేసిన ఏర్పాటిది.

ఇంజన్‌ను చల్లబరిచే నీరు నదిలోంచే వస్తుంది. కాలు లోపల గుండ్రటి గదిలో, కేంద్రానికి కొంచెం పక్కగా, మెత్తటి రబ్బరు రెక్కల చక్రం తిరుగుతుంది. రెక్కలు ఒకవైపు వంగి, మరోవైపు విచ్చుకుంటూ నీటిని పైకి నెడతాయి. ఇంజన్ వెనక సన్నగా చిమ్మే నీటిధార ఆ చక్రం బాగుందని తెలిపే గుర్తు. వరద గోదావరి ఎర్రమట్టిని మోసుకొస్తుంది. ఆ మట్టి రబ్బరును అరగదీస్తుంది. అందుకే అనుభవమున్న నడిపేవాడు ముందు ఎదురుగా ఉన్న నీటిని, వెంటనే వెనక చిమ్మే ధారను చూస్తాడు. ధార సన్నబడితే ఒడ్డు వెతుక్కోవాలి.

ఒక్క పిస్టన్, రెండు ముఖాలు

ఇక పై భాగానికి వద్దాం. మన ఊళ్లలో టూ-స్ట్రోక్ కొత్తదేమీ కాదు. పెట్రోల్ బంకులో స్కూటర్‌కు టూ-టీ ఆయిల్ కలిపించుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. నీలిపొగ, టకటకమనే చప్పుడు, యాక్సిలరేటర్ తిప్పగానే ఎగిరే పికప్ వాళ్లకు గుర్తే. పడవ మోటారులో ఉన్నదీ ఆ సూత్రమే.

1891 ప్రాంతంలో జోసెఫ్ డే అనే ఇంగ్లీషు ఇంజనీరు పేటెంటు పొందిన ఆలోచన ఇది. పిస్టన్‌కు పైముఖం ఉన్నట్టే కింది ముఖమూ ఉంది. దానికీ పని ఎందుకు చెప్పకూడదు? పిస్టన్ పైకి వెళ్తున్నప్పుడు పైన ఉన్న పెట్రోల్-గాలి మిశ్రమాన్ని నొక్కుతుంది. అదే క్షణంలో కింద ఖాళీ ఏర్పడి, కొత్త మిశ్రమం క్రాంక్ గదిలోకి వస్తుంది. ప్లగ్గు మెరుస్తుంది, పిస్టన్ కిందికి తన్నుకొస్తుంది. వస్తూ వస్తూ గోడలోని పెద్ద కిటికీని తెరుస్తుంది. పొగ బయటికి దూకుతుంది. మరికొంచెం దిగగానే పక్క కిటికీలు తెరుచుకుంటాయి. కింద నొక్కుడుపడి ఉన్న కొత్త మిశ్రమం వాటిగుండా పైకి ఎగబాకుతుంది. రెండు కదలికల్లో చక్రం పూర్తి. వాల్వులు లేవు, వాటిని ఎత్తే క్యామ్ లేదు, దాన్ని తిప్పే బెల్టూ లేదు. పిస్టనే తలుపు, అదే పంపు, బలాన్ని ఇచ్చేదీ అదే.

కొత్త మిశ్రమం లోపలికి వచ్చే దారిలో మాత్రం పల్చటి రేకులుంటాయి. హార్మోనియం పెట్టెలో గాలికి కదిలే రీడ్ల వంటివే ఇవి, పేరు కూడా రీడ్ వాల్వులే. లోపల ఖాళీ ఏర్పడగానే వంగి దారినిస్తాయి, ఒత్తిడి పెరగగానే మూసుకుంటాయి. ఎప్పుడు తెరవాలో వాటికి చెప్పే యంత్రం వేరే లేదు.

సిలిండర్‌ను చేతిలోకి తీసుకుని లోపలి గోడను వేలితో తడిమితే ఈ కిటికీల చెక్కడం తెలుస్తుంది. పై అంచు ఎంత ఎత్తులో ఉందన్నదే ఇంజన్ స్వభావాన్ని నిర్ణయిస్తుంది. ఒక మిల్లీమీటరు తేడాకే పికప్ మారిపోతుంది. పిస్టన్ రింగులు తిరుగుతూ వచ్చి వాటి చివరలు కిటికీలో తట్టుకుంటే విరుగుతాయి. అందుకని రింగు గాడిలో చిన్న పిన్ను నాటి అది తిరగకుండా కట్టేశారు. కిటికీ అంచుల పదును తీసి నునుపు చేశారు. వెడల్పయిన కిటికీ మధ్యలో సన్నటి నిలువు కమ్మీ వదిలారు. ఈ మూడూ చూడటానికి చిన్న సంగతులే. వీటిలో ఒకటి లేకపోయినా ఇంజన్ ఎక్కువ కాలం బతకదు.

కొత్త మిశ్రమం లోపలికి వస్తూనే పొగతో పాటు బయటికి పోకుండా ఎలా? తొలి ఇంజన్లలో పిస్టన్ నెత్తిమీద దిబ్బలాంటి అడ్డు ఉండేది. 1920ల్లో జర్మనీలో అడాల్ఫ్ ష్నుర్లె మరింత చక్కటి దారి కనిపెట్టాడు. పక్క కిటికీలను ఏటవాలుగా మలిచాడు. రెండు ప్రవాహాలు పొగ కిటికీకి ఎదురుగోడ వైపు వెళ్లి కలుస్తాయి. అక్కణ్నుంచి పైకి లేచి, తలభాగం దగ్గర తిరగబడి, కిందికి దిగుతూ పాత పొగను ముందుకు తోస్తాయి. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే ఒక చుట్టుకు పట్టేది సెకనులో వెయ్యో వంతులు పన్నెండు. ఆ పక్క కిటికీలు తెరిచి ఉండేది అందులో మూడో వంతు. అంటే వెయ్యో వంతులు నాలుగు. ఆ వ్యవధిలో గాలి ఒక వలయం తిరిగి రావాలి. దాన్ని సాధించేది కదిలే భాగం కాదు, పోత పోసిన లోహంలోని వంపు మాత్రమే.

క్రాంక్ షాఫ్ట్ కూడా అంతే శ్రద్ధ కోరుతుంది. క్రాంక్ గదే పంపు గనక రెండు సిలిండర్లుంటే రెండు గదులు విడివిడిగా, గాలి చొరకుండా ఉండాలి. అందుకే క్రాంక్‌ను ముక్కలుగా చేసి, మధ్యలో బేరింగులు, సీళ్లు అమర్చి, గట్టిగా నొక్కి ఒక్కటిగా కలుపుతారు. తరువాత దాని సూటితనం మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన సరిచూస్తారు. నూనె నిల్వ ఉండే తొట్టె లేదు. పెట్రోల్‌లో 50 పాళ్లకు ఒక పాలు నూనె కలుపుతారు. 25 లీటర్ల ట్యాంకుకు అర లీటరు. ఆ నూనె తుంపరే దారిలో ప్రతి బేరింగునూ తడిపి, చివరికి కాలిపోతుంది. కలపడం మరిచినవాడి ఇంజన్ కొద్దిసేపట్లోనే పట్టేస్తుంది.

మెచ్చుకున్న చోటే దోషం

ప్రతి చుట్టుకూ ఒకసారి మండటం వల్ల ఇదే పరిమాణపు ఫోర్-స్ట్రోక్ కంటే టూ-స్ట్రోక్‌కు తన్ను ఎక్కువ, బరువు తక్కువ. 40 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ మోటారు 70, 75 కిలోల మధ్య ఉంటే అదే బలమున్న ఫోర్-స్ట్రోక్ 95, 100 కిలోల దగ్గర ఉంటుంది. కరకట్ట వాలు మీద తడిమట్టిలో మోటారును భుజానికెత్తుకునేవాళ్లకు ఆ పాతిక కిలోలు పెద్ద లెక్కే. రబ్బరు పడవ వెనకభాగం ఎంత కుంగుతుందన్నది కూడా దాన్నిబట్టే ఉంటుంది.

కానీ పొగ పోయే కిటికీ, మిశ్రమం వచ్చే కిటికీ ఒకే సమయంలో తెరిచి ఉంటాయి. ష్నుర్లె వలయం ఎంత చక్కనిదైనా కొత్త మిశ్రమంలో కొంత మండకుండానే బయటికి జారిపోతుంది. కార్బురేటర్ ఉన్న పాతకాలపు టూ-స్ట్రోక్‌లో పోసిన పెట్రోల్‌లో పావు వంతు దాకా ఇలా వృథా కావచ్చు. దాంతోపాటు నూనె కూడా. అవుట్‌బోర్డ్ పొగను పంకా మధ్యగుండా నీటిలోకే వదులుతుంది. అంటే ఆ వృథా అంతా నదిలోకి. నెమ్మదిగా నడిచేటప్పుడు మంట సరిగా అందుకోక ప్లగ్గుకు మసి పడుతుంది. తలుపు పనీ పంపు పనీ పిస్టన్‌కే అప్పగించడం వల్ల వచ్చిన సరళత్వాన్ని మెచ్చుకున్నాం. తలుపులు విడివిడిగా లేకపోవడమే దాని లోపం కూడా. గుణం, దోషం రెండూ ఒకే నిర్ణయం ఫలితాలు.

ప్రతి పనికీ దాని వేళ

ఫోర్-స్ట్రోక్ సూత్రాన్ని నికొలాస్ ఒట్టో 1876లో నడిపించి చూపాడు. పీల్చడానికి ఒక కదలిక, నొక్కడానికి ఒకటి, మంటకు ఒకటి, పొగ బయటికి తోయడానికి ఒకటి. రెండు చుట్లకు ఒక మంట. రాకకూ పోకకూ వేర్వేరు వాల్వులు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. పళ్ల బెల్టు గానీ గొలుసు గానీ ఆ లెక్క తప్పనివ్వవు. వాల్వు తొడిమకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య మిల్లీమీటరులో పదో వంతులంత ఖాళీ ఉంచాలి. వేడికి లోహం వ్యాకోచించినా వాల్వు పూర్తిగా మూసుకునేందుకే ఆ ఖాళీ.

కారులో ఉండే ఇంజన్‌ను నిలబెట్టినంత మాత్రాన అవుట్‌బోర్డ్ కాదు. కారులో క్రాంక్ పడుకుని ఉంటుంది, నూనె దాని కింద నిలుస్తుంది. ఇక్కడ క్రాంక్ నిలువుగా ఉంటుంది, సిలిండర్లు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. కాబట్టి నూనె తొట్టెను మొత్తం ఇంజన్ కింద, కాలు మొదట్లో పెట్టారు. పంపు నూనెను పైకి తోస్తుంది. అది పై బేరింగు దాకా వెళ్లి, ప్రతి అంతస్తునూ తడిపి, తన బరువుతోనే కిందికి కారాలి. ఎక్కడా నిలవకూడదు. మోటారును వెనక్కి వాల్చినప్పుడు సిలిండర్లలోకి పారకూడదు. లారీలో పడుకోబెట్టేటప్పుడు కూడా తయారీదారు చెప్పిన పక్కకే పెట్టాలి. ఇంత అమరికనూ చిన్న మూత కింద ఇరికించిన రూపశిల్పుల ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి.

ఇంకొక చిన్న ముచ్చట. ఫోర్-స్ట్రోక్‌ను తాడు లాగి స్టార్ట్ చేయడం కష్టం. నొక్కుడు చేతికి ఎదురు తిరుగుతుంది. అందుకని చాలా చిన్న మోటార్లలో క్యామ్ మీద ఒక బుల్లి మీట పెట్టారు. తొలి లాగుడులో అది వాల్వును కొంచెం ఎత్తిపట్టి ఒత్తిడి తగ్గిస్తుంది. ఇంజన్ అందుకోగానే తనంతట తానే తప్పుకుంటుంది. తడిసి అలిసిన చేతిని తలుచుకుని చేసిన పని అది.

హోండా 1964లోనే జీబీ30 పేరుతో ఫోర్-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ తెచ్చింది. అయినా బరువు, ధర కారణంగా మూడు దశాబ్దాల పాటు టూ-స్ట్రోక్‌దే రాజ్యం. 1996లో అమెరికా ప్రభుత్వం పడవ మోటార్ల పొగ మీద నియమాలు పెట్టింది. హైడ్రోకార్బన్లను 2006 నాటికి 75 శాతం తగ్గించాలంది. అప్పటినుంచి గాలి మారింది. టూ-స్ట్రోక్‌ను కాపాడే ప్రయత్నాలూ జరిగాయి. పొగ కిటికీ మూసుకున్నాకే పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మితే జారిపోవడానికి ఏమీ ఉండదు. ఎవిన్‌రూడ్ ఈ-టెక్ ఇంజన్లు ఆ పద్ధతిని చక్కగా నడిపించాయి. 2020లో వాటి తయారీ కూడా ఆగింది.

మన నీటికి ఏది

వరద సహాయంలో టూ-స్ట్రోక్‌కు ఇంకా బలమైన వాదన ఉంది. తేలిక, వెంటనే అందుకునే పికప్, తక్కువ పనిముట్లతో విప్పి బిగించగల సరళత్వం. పడవ తిరగబడి మోటారు మునిగితే ప్లగ్గులు తీసి, నీరు వంచేసి, తాడు లాగి, నూనె పట్టించి ఒడ్డు మీదే మళ్లీ నడిపించవచ్చు. ఫోర్-స్ట్రోక్ మునిగితే తొట్టెలోని నూనెలో నీరు చేరుతుంది. మొత్తం వంచి మార్చక తప్పదు.

అయితే ఫోర్-స్ట్రోక్ చేసే మేలు కూడా వరదలోనే తెలుస్తుంది. రాత్రివేళ మునిగిన ఊరి మధ్య పడవ నెమ్మదిగా వెతుకుతూ వెళ్లాలి. ఆ నిదానంలో ఫోర్-స్ట్రోక్ మసి పట్టదు, గొంతు తగ్గించుకుని నిలకడగా నడుస్తుంది. మిద్దె మీంచి పిలిచే మనిషి కేక పడవలోవాళ్లకు వినబడుతుంది. పెట్రోల్ ఆదా అవడం వల్ల అదే ట్యాంకుతో మరో ఊరికి పోయి రావచ్చు. బంకులు మునిగిన రోజున ఇది చిన్న లాభం కాదు.

ఇక కిన్నెరసాని సంగతి వేరు. పాల్వంచ దగ్గర అడవి నడుమ ఉన్న ఆ జలాశయం థర్మల్ విద్యుత్ కేంద్రానికీ, చుట్టుపక్కల పట్టణాల దాహానికీ నీరిస్తుంది. చుట్టూ అభయారణ్యం, నీటిలో మొసళ్లు. అక్కడ పరుగు అవసరం లేదు. కదలని నీటిలోకి మండని పెట్రోల్, నూనె వదలడానికి ఏ సాకూ లేదు. అమెరికాలో టాహో సరస్సు మీద కార్బురేటర్ టూ-స్ట్రోక్‌లను 1999లోనే నిషేధించారు. తాగేనీటి జలాశయాల మీద మనమూ అదే నియమం పెట్టుకోవాలి. శుభ్రమైన ఫోర్-స్ట్రోక్ తప్ప వేరే పెట్రోల్ మోటారు అక్కడ తిరగకూడదని నా గట్టి అభిప్రాయం.

గోదావరి మీద కూడా రేపటి రోజు ఫోర్-స్ట్రోక్‌దే. దానితో ఒక షరతు వస్తుంది. టూ-స్ట్రోక్ సరళత్వం మరమ్మతు తెలియనివాణ్ని కూడా కొంతవరకు క్షమించేది. ఫోర్-స్ట్రోక్ క్షమించదు. నూనె వేళకు మార్చాలి, బెల్టు చూడాలి, వాల్వు ఖాళీ కొలవాలి. ఏడాదిలో కొన్ని వారాలే పనిచేసి మిగతా కాలం గోదాములో పడి ఉండే సహాయ మోటారుకు ఇది మరీ ముఖ్యం. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోల్ జిగురుగా మారితే జూలైలో తాడు ఎంత లాగినా ఇంజన్ పలకదు. కాబట్టి మేలో మోటారును నీటి తొట్టెలో పెట్టి నడిపి, చల్లబరిచే ధార చూసి, రబ్బరు చక్రం మార్చే మనిషి ఈ ప్రాంతంలోనే ఉండాలి.

ఆ మనిషిని తయారుచేయడం కష్టం కాదు. నది ఒడ్డు ఊళ్లలో పడవ నడపడం తెలిసిన కోయ, కొండరెడ్డి యువకులున్నారు. ప్రవాహం ఎక్కడ సుడి తిరుగుతుందో, ఉపనది శబరి ఎప్పుడు వెనక్కి తన్నుతుందో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మోటారు విప్పి బిగించడం నేర్పితే చాలు. నేర్పేటప్పుడు రెండు ఇంజన్లనూ పక్కపక్కన విప్పి చూపాలి. కిటికీ అంచు ఎందుకు నునుపు చేశారో, రింగు దగ్గర పిన్ను ఎందుకుందో, నూనె ఎందుకు పైకెక్కి కిందికి కారుతుందో అడిగించి చెప్పించాలి. కారణం తెలిసినవాడు లోపాన్ని ముందే పట్టుకుంటాడు. ఈ రెండు ఇంజన్లను రూపొందించినవాళ్లు గోదావరిని చూడలేదు. వాళ్ల పనితనం ఇక్కడ నిలబడాలంటే ఇక్కడి చేతులు దాన్ని అర్థం చేసుకోవాలి. 43 అడుగుల హెచ్చరిక రాకముందే అది జరగాలి.